కారణం రాసే గడి

ఆ కౌన్సెలింగ్ సెంటర్‌లో ఫోన్ దగ్గర కూర్చునే ఆవిడని అందరూ రేడియో అంటారు. ఆ పేరు ఆవిడకి పుట్టింట్లోనే పడింది. నోట్లో నువ్వుగింజ నానని పిల్ల అని వాళ్ల నాన్న ముద్దుగా పెట్టాడు, పెళ్లయ్యాక మొగుడు విసుగ్గా కొనసాగించాడు. అలాంటి మనిషిని ఏరికోరి తీసుకొచ్చి, ఊళ్లో జనం తమ గుట్టంతా విప్పుకునే చోట కూర్చోబెట్టారంటే, ఆ ఉద్యోగం ఇచ్చినవాళ్ల గుండెధైర్యానికి దణ్ణం పెట్టాలి. అయితే పదకొండేళ్లలో ఆవిడ నోటి నుంచి ఒక్క మాట బయటికి పొక్కలేదు. అందుకు ఆవిడ ఎంత అవస్థ పడిందో మాత్రం అడక్కండి.

సెంటర్ ఉన్నది మూడో అంతస్తులో. కింది రెండంతస్తులూ మామూలు ఆసుపత్రి, జ్వరాలూ దగ్గులూ కట్లూ అక్కడ. పైన ఒక హాలు, ఆరు కుర్చీలు, వాటిలో కూర్చోగానే కిర్రుమనేది ఒకటి. హాలు చివర కౌన్సెలింగ్ చేసే పెద్ద మేడం గది. ఆ గది తలుపు బయట ఒక టేబుల్ ఫ్యాన్ పొద్దస్తమానం గోడకేసి తిరుగుతూ ఉంటుంది. కొత్తగా వచ్చినవాళ్లు ఉక్కపోస్తోందని దాన్ని తమవైపు తిప్పుకోబోతారు. రేడియో గయ్యిమంటుంది. ఆ ఫ్యాన్ పెట్టింది గాలి కోసం కాదు, చప్పుడు కోసం. లోపల ఎవరైనా ఏడ్చినా, కేకలేసినా హాల్లోకి వినబడకూడదని మేడం చేసుకున్న ఏర్పాటు అది.

గుట్టు విషయంలో మేడం అంత పట్టింపు మనిషి. రేడియోకంటే ముందు ఆ కుర్చీలో కూర్చున్నావిడ, ఒకమ్మాయి ఫోన్లో చెప్పుకున్న బాధని సానుభూతి కొద్దీ ఆ అమ్మాయి అత్తగారి చెవిన వేసిందట. మంచికే చేశాననుకుంది. దాంతో అక్కడ ఒక సంసారం రెండు ముక్కలయ్యేంత పనయింది. అందుకే రేడియో చేరిన రోజున మేడం ఆవిడని ఎదురుగా నిలబెట్టి, ఒకే ఒక్క రూలు చెప్పింది.

"చూడమ్మా, ఫోన్లో ఎవరు ఏం చెప్పినా అది ఫోన్ దగ్గరే ఉండిపోవాలి. మీ ఆయనకీ వద్దు, నర్సుకీ వద్దు, నాకూ వద్దు. నాతో చెప్పాలనుకున్నది వాళ్లే నా గదిలోకొచ్చి చెబుతారు. అర్థమైందా?"

అర్థమైంది. రేడియోకి ఒక మాట అర్థమైతే అది రాతి మీద చెక్కినట్టే.

ఇక ఆవిడ దగ్గర ఒక పొడుగాటి రిజిస్టరు ఉంటుంది. అందులో మొదటి గడి తారీకు, టైము. రెండో గడి నంబరు. అక్కడికి వచ్చేవాళ్లని పేరుతో పిలవరు, నంబరుతోనే పిలుస్తారు. మూడో గడిలో "వచ్చారు" అని గానీ "రాలేదు" అని గానీ రాయాలి. చివర్న ఒక సన్నటి గడి ఉంది, కారణం రాయడానికి. నెలాఖరున హెడ్డాఫీసువాళ్లు మూడో గడిని లెక్కపెట్టుకుంటారు. కారణం గడిని ఇంతవరకూ ఏ ఒక్కరూ చదివిన పాపాన పోలేదు, రాసే రేడియో తప్ప.

ఇలా ఉండగా హెడ్డాఫీసు నుంచి ఒక కాగితాల కట్ట దిగింది. ఆసుపత్రిలోనూ సెంటర్‌లోనూ పనిచేసేవాళ్లకి తమ ఉద్యోగంలో ఎంత సంతృప్తి ఉందో తేల్చే సర్వే. పది ప్రశ్నలు, ఒక్కోదానికి ఐదు మార్కులు. పేరు రాయక్కర్లేదు, ఉద్యోగం రాస్తే చాలు, భయం లేకుండా నిజం చెప్పండి అని పైన అచ్చు వేశారు. కింది నర్సు "నడుంనొప్పికి ఏ నంబరు వెయ్యాలక్కా?" అని రేడియోని అడిగి మరీ నింపింది. మేడం తన కాగితాన్ని నిలబడే నింపి, మడతపెట్టి పెట్టెలో పడేసింది. రేడియో ఐదు నిమిషాల్లో ముగించి, అడక్కపోయినా కింద సంతకం కూడా పెట్టేసింది. సంతకం లేని కాగితం ఇవ్వడం ఆవిడకి మర్యాదగా తోచలేదు.

అదే వారం, పనులన్నీ అయ్యాక మేడం ఫోన్ బల్ల దగ్గరికొచ్చి నిలబడింది. కళ్లజోడు తీసి చీరకొంగుతో తుడుచుకుంటూ, ఎటో చూస్తూ అంది.

"వచ్చే నెల నుంచి నాకు ఎవరికీ టైము ఇవ్వకు."

"సెలవు పెడుతున్నారా మేడం? పెట్టండి, ఎన్నాళ్లయిందో మీరు సెలవు పెట్టి."

"సెలవు కాదు. మానేస్తున్నాను."

మేడం తనంతట తనే చెప్పుకొచ్చింది. "హెడ్డాఫీసువాళ్లు కాగితం పంపారు. నా దగ్గరికొచ్చే ప్రతి పదిమందిలో నలుగురు మధ్యలోనే మానేస్తున్నారట. రాలేదు, రాలేదు, రాలేదు. నీ రిజిస్టర్లో లెక్కే కదా అది. పద్దెనిమిదేళ్ల నుంచి ఆ గదిలో కూర్చుని వింటున్నాను. తలుపు తీసుకుని వెళ్లిపోయినవాళ్లు ఏమయ్యారో ఒక్కళ్ల గురించైనా నాకు తెలియదు. ఏమీ కాలేదనే అనుకోవాలిగా. నా వల్ల ఏమన్నా అయితే మళ్లీ వచ్చేవాళ్లు. మా చెల్లెలు పూలమొక్కల నర్సరీ పెట్టింది, రమ్మంటోంది. మొక్కకి నీళ్లు పోస్తే చిగురేస్తుందో లేదో కళ్లకి కనిపిస్తుంది."

ఆవిడ వెళ్లిపోయాక రేడియో టైములు రాసే డైరీ తీసి, చెప్పిన మాట ప్రకారం వచ్చే నెల పేజీలన్నీ అడ్డంగా కొట్టేసింది. చేతికి పెన్ను అందుబాటులోనే ఉంది. అయినా డ్రాయరంతా వెతికి పెన్సిలు తీసి, పెన్సిల్‌తోనే కొట్టేసింది.

నాలుగు రోజుల తరవాత సర్వే ఆయన స్వయంగా ఊడిపడ్డాడు. సన్నటి మనిషి, చంకలో లావుపాటి సంచీ. తిన్నగా రేడియో బల్ల దగ్గరికొచ్చి, సంచీలోంచి ఒక కాగితం తీశాడు.

"ఇది మీదేనా?"

"నాదే. సంతకం ఉందిగా."

"పదికి పది ప్రశ్నలకీ ఐదేశారు. యాభైకి యాభై!"

"తప్పా?"

"తప్పని కాదమ్మా." ఆయన కిర్రుమనే కుర్చీలోనే కూర్చుని, ఉలిక్కిపడి, సర్దుకున్నాడు. "ఈ బిల్డింగు మొత్తంలో ముప్ఫై దాటినవాళ్లు లేరు. మీరసలు ప్రశ్నలు చదివే నింపారా అని మావాళ్లకి అనుమానం వచ్చింది. ఇదిగో ఏడో ప్రశ్న. ‘ఇక్కడ జరిగే పని వల్ల మనుషులకి మేలు జరుగుతోందని నాకు తెలుస్తూ ఉంటుంది.’ దీనికి లోపలి డాక్టర్లూ కౌన్సెలర్లూ ఒకటీ రెండూ వేశారు. మీరు ఐదేశారు. మేలు చేసేవాళ్లకి తెలియనిది ఫోనెత్తే మీకెలా తెలుస్తోంది?"

రేడియో నోరు తెరిచింది. పదకొండేళ్ల మాటలు ఒక్కసారిగా గొంతు దాకా వచ్చాయి. రూలు గుర్తొచ్చి టక్కున మూసేసింది.

"అది చెప్పకూడదండి."

"ఇది సర్వే అమ్మా, పోలీస్ స్టేషన్ కాదు."

"పోలీసులొచ్చినా చెప్పకూడదండి."

సర్వే ఆయన తల ప్రాణం తోకకొచ్చింది. చేసేది లేక కాగితం మీద ఏదో రాసుకుని, సంచీ సర్దుకుని, లిఫ్టు కోసం చూడకుండా మెట్లు దిగి వెళ్లిపోయాడు.

ఆయన వెళ్లాడు గానీ, అడిగిన ప్రశ్న వెళ్లలేదు. సాయంత్రం బస్సులో ఇంటికెళుతున్నంతసేపూ రేడియో బుర్రలో అదే తిరిగింది. నిజమే, తనకెలా తెలుస్తోంది?

ఎలాగంటే, మానేసే ముందు వాళ్లు ఫోన్ చేస్తారు. లోపల కూర్చుని ఏడిచినన్నాళ్లూ ఏడ్చి, ఒక రోజు పొద్దున ఫోన్ చేసి, "అమ్మా, ఇవాళ రాలేనండి" అంటారు. ఎందుకని ఆవిడ అడగాలి, గడి నింపాలి కదా. అప్పుడు చెబుతారు. నూట పన్నెండో నంబరాయన రెండేళ్లపాటు రాత్రిళ్లు కన్ను మూయని మనిషి. ఒక రోజు ఫోన్ చేసి, "టైము దాటిపోయిందమ్మా, నిద్ర పట్టేసింది, ఇప్పుడే లేచాను" అన్నాడు. ఆ తరవాత మళ్లీ రాలేదు. డెబ్భై నాలుగో నంబరు కోడలు పిల్ల, అత్తగారి పేరెత్తితేనే వణికేది. చివరిసారి ఫోన్ చేసి, "ఇవాళ మా అత్తయ్యా నేనూ బట్టలు కొనుక్కోడానికి వెళుతున్నాం అక్కా" అంది, వెనకాల్నుంచి ఆ అత్తగారు తొందర పెడుతూనే ఉంది. ఉద్యోగం దొరికిందని ఒకరు, అన్నదమ్ముల మధ్య మాటలు కలిశాయని ఒకరు, ఈత నేర్చుకోవడానికీ ఇదే టైమని మరొకరు. అన్నీ రేడియో చెవిలోనే పడ్డాయి. అన్నిటినీ ఆవిడ కారణం గడిలో రెండేసి ముక్కల్లో రాసింది. ‘నిద్ర పట్టింది.’ ‘అత్తగారితో బజారు.’ హెడ్డాఫీసు కళ్లకి మాత్రం వాటి పక్కనున్న "రాలేదు" ఒక్కటే ఆనింది.

ఇంటికెళ్లి చెప్పులు కూడా విప్పకుండా మొగుడి ఎదురుగా కూలబడింది. ఆయన దర్జీ, మిషను మీద లాగు కుడుతున్నాడు.

"ఏవండీ, నేను దొంగనండీ."

ఆయన పాదం ఆపలేదు. "ఏం దొంగిలించావే?"

"అది చెప్పకూడదు."

"పదకొండేళ్లుగా ఇదే పాట. ఆఫీసులో ఏం జరిగిందే అంటే చెప్పకూడదు. ఎందుకు నవ్వుతున్నావే అంటే చెప్పకూడదు. పేరుకి రేడియో, స్టేషన్ మాత్రం పలకదు."

"మంచి కబుర్లన్నీ నేను ఒక్కదాన్నే మింగేశానండీ. అవి చేరాల్సిన మనిషి అక్కడ పస్తులుంటోంది."

ఆయన మిషను ఆపి, భార్య మొహంలోకి చూశాడు. ఆవిడ కళ్లలో నీళ్లు తిరుగుతున్నాయి. వేళాకోళం కట్టిపెట్టి, "అయితే పెట్టెయ్యి. దాందేముంది?" అన్నాడు.

మర్నాడు రేడియో ధైర్యం కూడగట్టుకుని, మేడం గదిలోకి ఎవరూ లేనప్పుడు వెళ్లింది. "మేడం, ఒకవేళ ఎవరైనా నాతో ఫోన్లో ఒక మంచిమాట చెప్పారనుకోండి. అది మీకు చెప్పొచ్చా?"

మేడం అల్మారా ఖాళీ చేస్తూ ఉంది. ఒక అట్టపెట్టెలో అప్పటికే సగం పుస్తకాలు చేరాయి. అలసటగా తిరిగి చూసింది. "ఫోన్లో చెప్పింది ఫోన్ దగ్గరే. ఇన్నేళ్లూ నిలబెట్టుకున్నావు. పోయే ముందు నా చేత దెబ్బలాట పెట్టించకు తల్లీ."

రేడియో ఉసూరుమంటూ వచ్చి కుర్చీలో పడింది. అంతలో ఆవిడకి మెరుపులా ఒక ఆలోచన తట్టింది. తను చెప్పకూడదు, సరే. వాళ్లు చెప్పకూడదని రూల్లో ఎక్కడుంది? ‘నాతో చెప్పాలనుకున్నది వాళ్లే నా గదిలోకొచ్చి చెబుతారు’ అని మేడమే అందిగా!

ఇక చూసుకోండి. మధ్యాహ్నం భోజనం డబ్బా పక్కన పెట్టుకుని, పాత రిజిస్టర్లూ ఫోన్ నంబర్ల పుస్తకమూ దులిపి ఫోన్లు మొదలెట్టింది. "నమస్కారమండీ, సెంటర్ నుంచి. కంగారేం లేదు. మీరు ఆరోజు నాతో అన్న మాట మేడంతో ఒకసారి మీ నోటితో అనాలి. శుక్రవారం రాగలరా? ఐదంటే ఐదు నిమిషాలు." ఒక్కరు కాదనలేదు. తప్పకుండా వస్తామన్నారు. నూట పన్నెండాయనైతే "పరిగెత్తుకొస్తానమ్మా" అన్నాడు. నెలలో చివరి శుక్రవారం, మేడం ఆఖరి రోజు, పది నుంచి పదీ నలభై దాకా, ఐదేసి నిమిషాల చొప్పున ఎనిమిది నంబర్లు వరసగా డైరీలో రాసిపెట్టింది.

ఆ శుక్రవారం పొద్దున మేడం డైరీ చూసి కనుబొమలు ముడిచింది. "వీళ్లంతా ఎప్పుడో మానేసినవాళ్లు కదా? ఇవాళేంటి, అందరూ ఒకేసారి?"

"ఏమో మేడం. అడిగారు, ఇచ్చాను." అబద్ధమాడటం చేతకాని మనిషి కాబట్టి ఆ ముక్క టెలిఫోనుతో చెబుతున్నట్టు చెప్పింది.

మేడం లోపలికెళ్లింది. ఫ్యాన్ గోడకేసి తిరుగుతోంది. పదయింది. ఎవరూ రాలేదు. పదీ పావయింది. హాల్లో ఆరు కుర్చీలూ ఖాళీ, కిర్రుమనేదానికి కూడా ఉలుకూ పలుకూ లేదు. పదిన్నరయ్యేసరికి రేడియో మెట్ల దాకా వెళ్లి చూసి వచ్చింది. కింది నుంచి నర్సు కూడా ఒకసారి తొంగిచూసి, "ఏంటక్కా, ఈగలు తోలుకుంటున్నారా?" అని నవ్వి పోయింది. పదీ ముప్పావుకి మేడం గది తలుపు తెరుచుకుంది. ఆవిడ బయటికొచ్చి, ఖాళీ కుర్చీల వంక ఒకసారి చూసి, ఫోన్ బల్ల మీద చెయ్యి ఆనించి నిలబడింది.

"మళ్లీ రాలేదన్నమాట."

ఆ మాట అన్న తీరుకి రేడియోకి ఏడుపొచ్చింది. ఆవిడని సంతోషపెట్టబోయి, ఆఖరి రోజున ఎనిమిది "రాలేదు"లు తన చేత్తో తనే ఆవిడ నెత్తిన పెట్టినట్టయింది. ఏదో అనబోయింది. అంతలో ఫోన్ మోగింది. అలవాటు కొద్దీ ఎత్తి, "సెంటరండీ" అంది.

"అమ్మా, తిట్టకండి! నేను నూట పన్నెండుని. రాత్రి సినిమా చూసి పడుకున్నానా, ఇప్పుడే మెలకువొచ్చింది..."

రేడియో చెయ్యి పెన్ను మీదికి వెళ్లింది. మూడో గడిలో "రాలేదు" అని రాయబోయి, మధ్యలో ఆగిపోయింది. తలెత్తి మేడం మొహంలోకి చూసింది. తరవాత కుర్చీలోంచి లేచి, రిసీవర్ ఆవిడ చేతికి అందించింది.

"మీరే మాట్లాడండి మేడం. నేను చెప్పకూడదు."

మేడం అయోమయంగా రిసీవర్ చెవికి ఆనించుకుంది. అవతలి మాట వినగానే "మీరా!" అంది. తరవాత "ఏమిటీ?" అంది. "ఎన్నిగంటలు పడుకున్నారు?" అంది. అలాగే మెల్లిగా, రేడియో ఖాళీ చేసిన కుర్చీలో కూర్చుండిపోయింది. పద్దెనిమిదేళ్లలో ఆ కుర్చీలో కూర్చోవడం ఆవిడకి అదే మొదటిసారి.

పెట్టీ పెట్టగానే ఫోన్ మళ్లీ మోగింది. డెబ్భై నాలుగో నంబరు. "సారీ మేడం, మా అత్తయ్యకి కంటి ఆపరేషనయింది, చుక్కలు నేనే వేస్తున్నా, ఇంకెవరు వేసినా ఒప్పుకోవట్లేదు." ఆ వెనకే ఈతాయన. పిల్లలకి నేర్పే ఉద్యోగమే దొరికిందట, ఇవాళ పోటీలట, వెనకాల నీళ్ల చప్పుడూ ఈలలూ. ఫోన్ కింద పెడితే మోగుతోంది. మేడం ఒకసారి నవ్వుతోంది, ఒకసారి కళ్లు తుడుచుకుంటోంది, ఒకసారి రెండూ ఒకేసారి చేస్తోంది. రేడియో పక్కన నిలబడి, తన ప్రమేయం లేకుండా కొంగు నోట్లో కుక్కుకుని చూస్తోంది.

ఎనిమిది మందిలో వచ్చినవాడు ఒక్కడే, ముప్ఫై ఏడో నంబరు తాతగారు. ఒకప్పుడు లిఫ్టు తలుపు మూసుకుంటే ఊపిరాడక, మూడంతస్తులూ రొప్పుతూ ఎక్కివచ్చే మనిషి. పదకొండున్నరకి లిఫ్టులోంచి దిగాడు, తల నున్నగా దువ్వుకుని.

"ఆలస్యమైంది మేడం. ఎప్పుడో వచ్చాను. సరదాగా ఉంటే ఇంకో రెండుసార్లు పైకీ కిందకీ తిరిగాను. కింద ఎవరో గొడవ చేస్తే దిగాల్సొచ్చింది."

మేడం ఆయన రెండు చేతులూ పట్టుకుని కాసేపు వదల్లేదు. ఆయన వెళ్లాక రేడియో వైపు తిరిగింది.

"ఇలాంటివి ఎన్ని ఉన్నాయి నీ దగ్గర?"

రేడియో రిజిస్టర్ల దొంతర మీద చెయ్యి వేసింది. "పదకొండేళ్లవి ఉన్నాయి మేడం."

"మరి ఒక్కసారైనా చెప్పలేదేం?"

"మీరేగా చెప్పొద్దన్నారు!" రేడియోకి తెలియకుండానే గొంతు హెచ్చింది. "నాకూ వద్దు అన్నారు. మొన్న మళ్లీ అడిగితే దెబ్బలాట అన్నారు. కడుపుబ్బిపోయి చచ్చాననుకోండి. మా ఆయనకి చెప్పలేదు. సర్వే ఆయనకి చెప్పలేదు. మీరు పుస్తకాలు సర్దుకుంటుంటే నా ప్రాణం ఎంత విలవిల్లాడిందో ఆ భగవంతుడికి తెలుసు!"

మేడం ఆవిడ వంక నోరు తెరుచుకుని చూసింది. తరవాత తలని చేతుల్లో పెట్టుకుంది. భుజాలు కదులుతుంటే ఏడుస్తోందనుకుని రేడియో కంగారు పడింది. ఏడవట్లేదు, పగలబడి నవ్వుతోంది. అంత పెద్ద నవ్వు ఆ హాల్లో ఎవరూ ఎప్పుడూ విని ఎరగరు. ఆ చప్పుడికి నర్సు కింది నుంచి పరిగెత్తుకొచ్చింది.

అప్పుడు మళ్లీ ఫోన్ మోగింది. రేడియో చెయ్యి చాచింది గానీ మేడం ముందే ఎత్తేసింది.

"సెంటరండీ... ఆఁ, చెప్పమ్మా." ఈసారి నవ్వు ఆగిపోయింది. అవతల గొంతు బాగా చిన్నది, మాటకీ మాటకీ మధ్య చాలాసేపు పడుతోంది. కొత్తమ్మాయి. మేడం వింటూ కూర్చుంది, తొందర పెట్టలేదు. "ఫర్వాలేదు, మెల్లిగా చెప్పు... ఎప్పుడు రాగలవు?... వచ్చే నెలా?"

ఆవిడ చూపు డైరీ మీద పడింది. వచ్చే నెల పేజీ, ఈ చివర నుంచి ఆ చివరికి అడ్డంగా కొట్టేసిన గీత. తలుపు బయట ఫ్యాన్ తిరుగుతూనే ఉంది, అట్టపెట్టె గదిలో అలాగే ఉంది.

"రెండో తారీకు ఉదయం పదింటికి రా అమ్మా," అంది మేడం. "నేనే ఉంటాను. ఒకవేళ రాలేకపోతే ఫోన్ చేసి ఎందుకో చెప్పు, సరేనా?"

రేడియో అప్పటికే వంగి, డ్రాయర్లో రబ్బరు కోసం వెతుకుతోంది.